పేరు రాసుకున్న తరువాత



సేవా క్లబ్బులకు జూలై నెలతో కొత్త సంవత్సరం మొదలవుతుంది. ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మా మిత్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు, అధ్యక్ష పదవి స్వీకరించబోతున్న ఒక యువకుడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు: “డాక్టర్ గారూ, నాయకత్వం గురించి స్ఫూర్తినిచ్చే మంచి మాటలు ఇంటర్నెట్‌లో ఎక్కడ దొరుకుతాయి? ప్రసంగంలో చెప్పాలి.”

మాటలకేం కొదవ? తెల్లవారేసరికి మన ఫోన్లలో పది సూక్తులు వచ్చి చేరుతూనే ఉన్నాయి. వాటిని అసలు ఎవరన్నారో తెలియదు, చదివినవారి నడవడి మారినట్టూ కనబడదు. అందుకే అతనికి సూక్తులేవీ చెప్పలేదు. నేను చేసిన ఒక తప్పు చెప్పాను. అది మీకూ చెప్పడం నా విధి.

కొన్నేళ్ళ క్రితం ఎల్.బి.నగర్ ప్రాంతంలోని ఒక కాలనీలో ఉచిత కంటి పరీక్షల శిబిరం నిర్వహించాం. బాధ్యత నాదే. బ్యానరు, ఫొటోలు, ఉపన్యాసాలు, అన్నీ చక్కగా జరిగాయి. శుక్లాలున్న వారి పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుని, ఆపరేషన్‌కు కబురు చేస్తామని మాట ఇచ్చాం. ఆ రిజిస్టరు నా కారు వెనుక సీట్లోనే ఉండిపోయింది. నాలుగు నెలల తరువాత వేరే పని మీద ఆ కాలనీకి వెళ్ళాను. రాత్రివేళ మెట్టు కనబడక పడి, తుంటి ఎముక విరిగి మంచాన ఉన్న ఒక పెద్దాయనను చూడమన్నారు. నా గొంతు విని గుర్తుపట్టాడాయన.

“పేరు రాసుకున్నరు గద సారూ, పిలుస్తరని చూసిన.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇతరులు ఈ పని ఎలా చేస్తున్నారో వెతకడం మొదలుపెట్టాను. అలా కనబడినది మదురైలోని అరవింద్ నేత్రాలయం కథ. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించాక, 1976లో, పదకొండు పడకలతో దానిని ఆరంభించారు. కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే ఆయన శస్త్రచికిత్సలు నేర్చుకున్నారు. శిబిరంలో పరీక్ష చేసి, ఆపరేషన్ అవసరమని చెప్పినా చాలామంది ఆస్పత్రికి రావడం లేదని అక్కడివారు గ్రహించారు. దారి ఖర్చు, పోయే కూలి, తోడు లేకపోవడం, భయం, ఇవీ కారణాలు. రోగిని నిందించకుండా పద్ధతినే మార్చారు. శిబిరం నుంచే బస్సులో తీసుకువెళ్ళి, భోజనం, వసతి, చికిత్స ఇచ్చి, తిరిగి దింపే ఏర్పాటు చేశారు. ఆ సంస్థకు చెందిన తులసిరాజ్ రావిళ్ళ 2009లో టెడ్ వేదికపై చేసిన ప్రసంగం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. అందులో మీకు సూక్తులు తక్కువ, పని తీరు ఎక్కువ కనబడుతుంది.

నేను సూచించే రెండవ చోటు రాజ్యాంగ సభ చర్చలు. అవి పూర్తిగా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మన దుర్గాబాయి మాటలు వెతికి చదవండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల వేళ, ప్రదర్శన ద్వారం వద్ద వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపిన పద్నాలుగేళ్ళ బాలిక ఆమె. తరువాత రాజ్యాంగ సభలో, రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు ముప్పై ఐదు కాదు, ముప్పై చాలునని సవరణ కోరారు. చిన్నవారికి బాధ్యత అప్పగించడానికి వెనుకాడే మన క్లబ్బుల పెద్దలు ఆ చర్చ తప్పక చదవాలి.

మూడవది మీ ఇంటి పెరడులోనిదే. రోటరీ, లయన్స్ సంస్థలు రెండూ తమ సభ్యుల కోసం ఇంటర్నెట్‌లో శిక్షణ పాఠాలు నడుపుతున్నాయి. సమావేశం నడపడం, కొత్తవారికి పని పంచడం వంటివి అక్కడ నేర్చుకోవచ్చు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకోకండి.

ఏది చూసినా, చదివినా, మూసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: “వచ్చే ఆదివారం మన శిబిరంలో దీనివల్ల ఏం మారుతుంది?” జవాబు లేకపోతే అది కాలక్షేపమే.

ఆ యువకుడు పదవీ స్వీకార సభలో మూడు నిమిషాలే మాట్లాడాడు. రిజిస్టరును అందరికంటే చిన్న సభ్యురాలికి అప్పగించాడు. పేరు రాసిన ప్రతి ఒక్కరికీ వారంలోగా ఫోను, ఆస్పత్రికి ఒక తోడు, ఆపరేషన్ తరువాత ఒకసారి ఇంటికి వెళ్ళి పలకరింపు, ఇవీ నియమాలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ మెట్రోలో మూడో స్టేషన్. అంత దూరానికే నేనొకప్పుడు నాలుగు నెలలు తీసుకున్నాను.

తుంటి అతుక్కున్నాక ఆ పెద్దాయనకు రెండు కళ్ళకూ ఒకదాని తరువాత ఒకటి శుక్లాలు తీయించాం. చూపు వచ్చింది. నడకలో కుంటు మాత్రం మిగిలిపోయింది.

చివరగా ఒక వైద్యుడి మాట. శుక్లం పూర్తిగా ముదిరేదాకా ఆగాలన్నది పాత కాలపు అభిప్రాయం. రోజువారీ పనులకు చూపు అడ్డమవుతున్నదంటే వైద్యుని కలవవచ్చు. ఇంట్లో పెద్దవారు మెట్ల దగ్గర తడుముకుంటున్నారేమో ఈ సాయంత్రమే గమనించండి. మీ క్లబ్బు వద్ద పాత రిజిస్టరు ఏదైనా ఉంటే, దాన్ని కూడా ఒకసారి తెరిచి చూడండి.