గోలీలా? పుడియానా?



పోయిన వారం మా ఖాలా కూతురు ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయికి 19 ఏళ్లు. మూడు నెలలుగా విరేచనంలో నెత్తురు పడుతుంటే మొలలనుకున్నారట. కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారట. "ఆపా, జిందగీ అంతా గోలీలు మింగాలంట. కిడ్నీలు పాడైపోవా? నువ్వు తొమ్మిదేళ్లుగా మింగుతున్నావు కదా. హకీమ్ దగ్గరికి తీసుకెళ్తే ఎలా ఉంటుంది?" అని ఏడ్చింది. సగమే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పడానికి సిగ్గేసింది. ఆ సగం ఇక్కడ రాస్తున్నా.

ఈ మర్జ్ నాకు పెళ్లయిన రెండో ఏడు బయటపడింది. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. రోజుకు పది పన్నెండుసార్లు బాత్రూంకు పరిగెత్తేదాన్ని. టీచర్ ఉద్యోగం. బోర్డు మీద సగం రాసిన వాక్యం వదిలేసి పోయిన రోజులున్నాయి. డాక్టర్ గారు మెసలమైన్ రాశారు. నెలన్నరలో నెత్తురు ఆగింది. "తగ్గినా ఆపొద్దమ్మా, మళ్లీ రాకుండా ఉండటానికే ఇది" అన్నారు.

అమ్మీకి మింగుడు పడనిది అదే. "తగ్గిన బీమారీకి దవా ఎందుకు బేటీ? అంగ్రేజీ దవా గుర్దాలను తినేస్తుంది" అనేది. అమ్మీది ఉత్త వహమ్ అనలేను. మా మామూ మోకాళ్ల నొప్పులకని డాక్టర్‌కి చూపించుకోకుండా, మందుల షాపులో అడిగి ఏళ్ల తరబడి నొప్పి గోలీలు వాడారు. ఆఖరికి డయాలసిస్ మీద పోయారు. సొంత తమ్ముడి జనాజా చూసిన మనిషి అమ్మీ. నా చేతిలో గోలీ చూసినప్పుడల్లా ఆమెకు మామూ కనిపించేవారు.

ఆ ఏడాది రంజాన్‌కు ముందు అమ్మీ నన్ను పక్క ఊళ్లో ఒకాయన దగ్గరికి తీసుకెళ్లింది. మూడు నెలల కోర్సు. కాగితంలో చుట్టిన పుడియాలు. పేరు లేదు, చీటీ లేదు. "గోలీలు ఆపితేనే నా దవా పనిచేస్తుంది" అన్నాడు. నాకూ విసుగొచ్చి ఉంది. పైగా రోజాలున్నప్పుడు గోలీలు ఎలా అనుకున్నా. డాక్టర్ గారిని అడిగుంటే మొత్తం మోతాదు ఇఫ్తార్ తర్వాత ఒకేసారి వేసుకోమనేవారు. ఇప్పుడు అలాగే వేసుకుంటున్నా. అప్పుడు అడగలేదు. మా వారికి కూడా చెప్పకుండా ఆపేశాను.

30 రోజాలూ ఉన్నాను. ఏమీ కాలేదు. ఈద్ రోజు అందరూ మాషా అల్లాహ్ అన్నారు. అమ్మీ సంతోషం చూడాలి! ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది, దానంతటదే లేస్తుంది. గోలీ ఆపిన మర్నాడే తిరగబెట్టాలని లేదు, నెలలు పట్టొచ్చు. ఆ సంగతి తెలియక, ఆ మంచి రోజులన్నీ పుడియా లెక్కలో వేశాం.

బక్రీద్‌కు పది రోజుల ముందు నెత్తురు కనిపించింది. గర్మీ చేసిందనుకుని మజ్జిగ తాగాను. ఖుర్బానీ రోజు ఇంటినిండా మెహమాన్లు, నేను బాత్రూంలో. మూడో రోజుకు ఆస్పత్రిలో. హిమోగ్లోబిన్ 7. ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. అది స్టెరాయిడ్. ముఖం గుండ్రంగా ఉబ్బింది, నిద్ర పోయింది, ఎన్నడూ లేని షుగర్ వచ్చింది. నెత్తురు ఆగాక కూడా ఒక్కసారిగా ఆపకూడదు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, కళ్లలో శుక్లాలు వస్తాయి. నేను భయపడి మానేసిన గోలీ కంటే ఎన్నో రెట్లు నుఖ్సాన్ చేసే దవా అది. దాన్ని నా చేతులతో నేనే కొనితెచ్చుకున్నాను.

డాక్టర్ గారు తిట్టలేదు. "తరాజులో ఒక పళ్లెంలో మందు పెట్టారు, రెండో పళ్లెంలో ఏం పెట్టారమ్మా?" అన్నారు. పుడియా అన్నాను. "కాదు, జబ్బును పెట్టాలి" అన్నారు. జబ్బును పట్టించుకోకుండా వదిలేస్తే ఏళ్లు గడిచే కొద్దీ పెద్దపేగు కేన్సర్ భయం పెరుగుతుంది. అందుకే 8 ఏళ్లు దాటాక కొలనోస్కోపీతో కనిపెట్టుకుని ఉండమంటారు. మెసలమైన్ వల్ల కిడ్నీలకు దెబ్బ తగలడం నిజమే గానీ అరుదు. అప్పుడప్పుడూ క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే ముందే దొరుకుతుంది. మామూకు ఏ పరీక్షా ఎవరూ చేయించలేదు. ఆయన కథలో అసలు తేడా అదే.

మళ్లీ స్టెరాయిడ్ దాకా వస్తే అజాథయోప్రిన్ వాడాల్సి రావొచ్చన్నారు. దాంతో లింఫోమా అనే కేన్సర్ రావొచ్చని ఎక్కడో చదివి వణికిపోయాను. ఆ ప్రమాదం ఉంది, కానీ ఏడాదికి వెయ్యి మందిలో ఒకరి కంటే తక్కువ. మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 అనే జీన్ పరీక్ష చేస్తారు. ఆ జీన్‌లో తేడా ఆసియా వాళ్లలో ఎక్కువ, అది ఉన్నవాళ్లకు ఈ మందుతో తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి. అల్హమ్దులిల్లాహ్, ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. వస్తే మాత్రం దాక్కోను.

మరి దేశీ దవా అంతా దోఖానా? కాదు. జపాన్‌లో 2006లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మామూలు మందులు వాడుతూనే పసుపులోని కర్కుమిన్ రోజుకు 2 గ్రాములు తీసుకున్న 43 మందిలో ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది ఇద్దరికే. కర్కుమిన్ లేనివాళ్లు 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది. చిన్న పరిశోధనే. గోలీలతో పాటు ఇచ్చారు, ఆపి కాదు. కూరలో వేసే పసుపు అంత మోతాదు కాదు కూడా. స్పెయిన్‌లో 1999లో జబ్బు అణిగి ఉన్న వంద మందికి పైగా మనుషుల మీద ఇసబ్గోల్ గింజలు పరీక్షిస్తే, మెసలమైన్‌కు దగ్గరగా పనిచేశాయి. మన దస్తర్‌ఖాన్ పక్కన ఉండే ఇసబ్గోల్!

తర్వాత ఒక బీయూఎంఎస్ చదివిన యునానీ డాక్టర్‌ని కలిశాను. రిపోర్టులన్నీ చూసి ఆయన అన్న మొదటి మాట: "మీ గోలీలు మాత్రం ఆపకండి." రెండో మాట: "చీటీ లేని పుడియా మా దగ్గరైనా తీసుకోకండి." కుష్తాలంటే లోహాలను కాల్చి చేసిన భస్మాలు. అమెరికాలో బోస్టన్ దుకాణాల్లో కొన్న ఆయుర్వేద మందుల్ని పరీక్షించి 2004లో ప్రచురించారు. ఐదింటిలో ఒకదాంట్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉంది. గుర్దాలను నిజంగా తినేవి అవే.

ఆస్పత్రిలో అమ్మీ నా పాదాల దగ్గర కూర్చుని "నేనే చేశాను" అని ఏడ్చింది. "మింగింది నేను కదా అమ్మీ" అన్నాను. దాచింది కూడా నేనే. అమ్మీ మొహబ్బత్‌లో ఖోట్ లేదు. నేను ఆ పుడియా సంగతి డాక్టర్ గారికి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

కాబట్టి చెల్లీ, బాబును హకీమ్ దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటే తీసుకెళ్లు. ఇందులో ఏముంది, ఎవరి మీద పరీక్షించారు, నుఖ్సాన్ జరిగితే ఏ టెస్టులో తెలుస్తుంది అని అడుగు. ఇవే సవాళ్లు డాక్టర్‌నీ అడుగు. జవాబు చెప్పని వాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయ్. వాడి గోలీలు మాత్రం చాటుగా ఆపకు.

ఇప్పుడు అమ్మీ అస్ర్ నమాజ్ అయ్యాక ఫోన్ చేస్తుంది. నాకు షిఫా కోసం దువా చేశానని చెప్పి, వెంటనే అడుగుతుంది: "ఈసారి క్రియాటినిన్ ఎంతొచ్చింది బేటీ?"