బొంతకు పాతబట్టే కావాలి

ఈ పుటలో టపా వ్రాసి రెండు నెలలు దాటింది. నన్నయ భారతం మీద మొదలుపెట్టిన వ్యాసపరంపర ఏమైందని ఇద్దరు మిత్రులు ఉత్తరాలు కూడా వ్రాశారు. అది భద్రంగానే ఉన్నది. ఈ చలికాలమంతా చేతిలో సూది ఉండటం వలన కలం పట్టలేదు. పదవీవిరమణ చేసిన తెలుగు పండితురాలు బొంతలు కుట్టడమేమిటని నవ్వదలచినవారు నవ్వవచ్చును. ఇంతవరకు కుట్టినవి రెండు, మూడవది కుట్టులో ఉన్నది.

మాట పుట్టుకతో మొదలుపెట్టడం పండితులకు పట్టిన జబ్బు. సంస్కృతంలో దీనిని కంథ అంటారు. భజగోవింద శ్లోకాలలో ఒకచోట కనిపించే యోగి, వీథిలో ఏరుకొన్న పీలికలతో కుట్టిన కంథ కప్పుకొని తిరుగుతాడు. వంగదేశపు స్త్రీలకు అది కాంథా, మాకు పడమట కన్నడసీమవారికి కౌది. మనకు బొంత. పేర్లు ఎన్ని ఉన్నా లక్షణం ఒక్కటే, పాతబట్ట. కొత్తగుడ్డ బిర్రుగా ఉండి సూదికి ఎదురుతిరుగుతుంది. ఏండ్ల తరబడి ఉతికి, ఆరవేసి, కట్టి విడిచిన నూలుచీర మాత్రమే నాలుగు పొరలుగా పరచినా సూదికి దారి ఇస్తుంది, ఒంటికి అణగి ఉంటుంది.

తుగ్గలి అనగానే బయటివారికి వజ్రాలు గుర్తుకు వస్తాయి. తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి మా చేలలో, జొన్నగిరి చేలలో నడుములు వంచి మెరిసే రాయి కోసం వెతుకుతారు. నా మట్టుకు ఇది బట్టల సీమ. పత్తి వ్యాపారానికి, జంఖానాలకు పేరుపడ్డ ఆదోని మాకు దూరం కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘాన్ని మా పెద్దలు సొసైటీ అనే పిలిచేవారు. మా ఇంట ఏ పెండ్లి జరిగినా ఆ సొసైటీ దుప్పటి ఒకటి పెట్టెలో ఉండవలసిందే. ఇంత పత్తి పండే చోట ఇప్పుడు బొంతకు తగిన పాత నూలుచీర కావాలంటే నాలుగిండ్లు తిరగవలసి వస్తున్నది. ఎవరిని అడిగినా పాలిస్టర్ చీరలే. అవి చిరగవు, చెమట పీల్చవు, వాటితో కుట్టిన బొంత రాత్రంతా మంచం మీదినుంచి జారిపోతూనే ఉంటుంది. అయితే ఎండలో కూలి చేసి వచ్చి రాత్రి చీర ఉతికి తెల్లవారి మళ్లీ అదే కట్టుకొనే ఆడమనిషికి ఆ చీర చేసే మేలు నాకు తెలుసు. నెలనెలా పింఛను తీసుకొనే నేను ఆమెకు నూలు మహిమ బోధించబోను.

మొదటి బొంత డల్లాసులో ఉన్న మనుమరాలికి. కాన్పు ముందే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, కొత్తవి కొనవద్దు, నీ బడి చీరలతో కుట్టు" అని. ముప్ఫై ఏండ్ల బడి చీరలు పెట్టె అడుగున మడతలు పడి ఉన్నాయి. పత్తికొండలో పని చేసేటప్పటి నీలిగళ్ల చీర, పదవ తరగతి పత్రాలు దిద్దుతుండగా ఎర్రసిరా ఒలికిన లేతపసుపు చీర, వానలో తడిసి రంగు దిగిన మరొకటి. కత్తెర పెట్టడానికి రెండు రోజులు చేయి రాలేదు. మా అమ్మాయి రెండేండ్లు నా తరగతిలోనే చదివింది. బడిలో ఉన్నంతసేపు నన్ను మేడమ్ అనవలసి రావడం ఆమెకు మహా అవమానం. బొంత చేరిన రోజున వీడియోలో దానిని తిప్పి తిప్పి చూసి, పసుపు ముక్క మీద వేలు పెట్టి, "ఈ చీర కట్టుకొన్న నాడే నన్ను బెంచీ ఎక్కించావు" అన్నది. ఎందుకు ఎక్కించానో ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. దీనిని మెషీన్‌లో ఉతకవచ్చునా అని అడిగితే, నా పక్కన కూర్చున్న స్నేహితురాలు అందుకొని, "మెల్లగా తిప్పమని చెప్పు తల్లీ నీ మిషన్‌కు" అన్నది.

ఆ స్నేహితురాలి గురించి కొంత చెప్పాలి. పేరు వ్రాస్తే ఊరుకోదు. నాకన్నా నాలుగేండ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కొడుకు నా శిష్యుడు. బొంత కుట్టడం నేను నేర్చినది ఆమె దగ్గరే. మధ్యాహ్నం మూడు గంటలకు మా పడసాలలో చాప పరచి, దాని మీద అడుగుపొర వేసి, నాలుగు మూలల రాళ్లు పెడతాము. పైన అతుకులు పేర్చుకొని అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తాము. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి వరుస ఒకరికి తెలుస్తుంది. నా కుట్టు నోటుపుస్తకంలో గీత గీసినట్టు ఉంటుందని, ఆమె కుట్టు జొన్నచేని సాలులా ఉంటుందని మా వదినె అంటారు. రెండవది మెచ్చుకోలని నాకు తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఆమెకు బొంత కుట్టడం వేడుక కాదు. మా పడమటి పల్లెలవారు ఏటా చలికాలంలో గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోయి ఉగాది నాటికి తిరిగి వస్తారు. దానిని సుగ్గి అంటాము. కన్నడంలో సుగ్గి అంటే పంటనూర్పుల కాలం, కడుపు నిండే కాలం. ఆ మాటే మా నోట ఇల్లు తాళం వేసి పోవడమైంది. లారీలో సగం చోటు బియ్యానికి, గిన్నెలకు, బొంతలకు. పరాయి చేని గట్టున గుడిసె వేసుకొన్నప్పుడు కిందికీ బొంతే, మీదికీ బొంతే. ఈ శీతకాలంలో మేము కుట్టిన రెండవ బొంత ఆమె సుగ్గికి తీసుకొనిపోవలసినది.

కుట్టేటప్పుడే తెలిసింది, ఎనిమిదవ తరగతి చదువుతున్న మనుమరాలిని కూడా వెంట తీసుకొనిపోతున్నారని. చిన్నపిల్లవాణ్ని చూసుకోవాలి, కాయ కోస్తే కూలీ వస్తుంది. సర్వీసులో ఉండగా ప్రతి డిసెంబరులోనూ హాజరుపట్టీలో ఖాళీ అయ్యే గళ్లను చూసినదానిని. వలస పిల్లలకు సీజనల్ హాస్టళ్లు వచ్చాయి, కొందరు నిలిచారు, ఎందరో నిలువలేదు. ఆ పిల్లను మూడు నెలలు నా దగ్గర ఉంచమన్నాను. ఆమె పలుకలేదు. వరుస తరువాత వరుస కుట్టుకొంటూ పోయింది. ఆ సాయంత్రం చాప దులిపి వెళ్లేటప్పుడు కూడా ఏమీ అనలేదు. స్నేహానికి, ఉపకారానికి నడుమ ఉన్న గట్టు ఎంత సన్ననిదో నాకు తెలియనిది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు మూడు గంటలకు యథాప్రకారం వచ్చి సూదిలో దారం ఎక్కించుకొంటూ, "ఉంటాదిలే అక్కా నీ కాడ. కప్పుకునేది మాత్రం మాదే. నీ రగ్గులు ఈయాకు" అన్నది. కుట్టు పూర్తి కావచ్చిన ఆ బొంతను మడత పెట్టి నా ఒడిలో పెట్టింది. తాము పాతవాటితోనే గుంటూరు పోయారు. పిల్ల ఇప్పుడు మా మధ్యగదిలో ఆ బొంత కింద పడుకొంటుంది. చందస్సు అంటే భయపడేది, గురులఘువులు గుర్తించడం వచ్చింది. కుట్టు మాత్రం వద్దంటుంది, వాళ్లవ్వతో చాలునట. సరేనన్నాను.

ఇక మూడవది. మా వారు పోయి మూడేండ్లయింది. గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం. పోయినవారి బట్టలు ఇంట ఉంచకూడదని పెద్దలు చెప్పారు, ఇచ్చివేశాము. నాలుగు పంచలు, రెండు ఖాకీ చొక్కాలు మాత్రం ఇవ్వలేదు. అవి బొంత కుడతానంటే మా అబ్బాయి బెంగుళూరు నుంచి, "ఎందుకమ్మా, చూసినప్పుడల్లా బాధ" అన్నాడు. వాడికి అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లె సంగతి చెప్పాను. బానిసలుగా తెచ్చిన నల్లవారి సంతతి అక్కడ ఉన్నది. మిజూరి పెట్‌వే అనే ఇల్లాలు భర్త పోయిన తరువాత 1942లో, ఆయన పొలంలో తొడిగిన బట్టలతోనే బొంత కుట్టుకొన్నది, ఆయన గుర్తుగా కప్పుకొని పడుకోవడానికి. ఆ పల్లె స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు తగిలించి చూపారు. వాడు కాసేపు ఊరుకొని, నాన్న చొక్కా జేబు కోసివేయవద్దన్నాడు. జేబు అలాగే ఉంచి కుట్టాను. టికెట్లు, వక్కపొడి పొట్లం అందులోనే ఉండేవి.

అడుగుపొర మా పెండ్లినాటి సొసైటీ దుప్పటి. పంచలు మెత్తబడి ఉన్నందున సూది చప్పుడు లేకుండా దిగుతున్నది. నాలుగు అంచులూ అయినవి, నడుమన మూరెడు చోటు మిగిలింది. ఒక్కదాన్నే కుట్టబోతే గుడ్డ పోగుపడి ముడుచుకొంటున్నది, ఎదుటి చేయి కావాలి. రాత్రి ఎనిమిదింటికి చేని గట్టునుంచి ఫోను వస్తుంది. పిల్ల చదువు గురించి ఒక మాట, బొంతను ఎండకు వేస్తున్నానా అని ఒక మాట, మూడవదాని నడుము ముట్టుకోలేదు కదా అని ఒక మాట. లేదన్నాను. ఉగాది ఇంకా నెలన్నర ఉన్నది.