పాత ల్యాప్‌టాప్‌లో పుదీనా

మా ఇంట్లో ఏ వస్తువైనా నా చేతికొచ్చేసరికి సగం ఆయుష్షు అయిపోయి ఉంటుంది. ఈ ల్యాప్‌టాప్ కూడా అంతే. 2016లో అమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నాం. ఉద్యోగం వచ్చాక తను కొత్తది కొనుక్కుంది. తర్వాత మావారు కొన్నాళ్లు వాడారు. ఆయనకి ఆఫీసువాళ్లు ఇంకోటి ఇచ్చాక, ఇది నాకు దక్కింది. కానీ నేను వాడినంతగా వాళ్లిద్దరూ వాడలేదు. పాల లెక్క, చీటీ పాటల వివరాలు, అత్తయ్యగారి మందుల పట్టిక, అమ్మ చెబుతుంటే టైపు చేసుకున్న పచ్చళ్ల కొలతలు, ఇక్కడ మీతో చెప్పుకునే కబుర్లు అన్నీ అందులోనే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచి అట. మాది ఆరో తరం. రిపేరు షాపతను చూసి, "ఇచ్చేయండి మేడమ్, యాభై వేలలో మంచిది వస్తుంది" అన్నాడు. మావారేమో, "నీకు ఫోన్ ఉందిగా, చాలదూ?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫోన్లో ఇరవై మంది చీటీ లెక్క ఒక్కసారి వేసి చూడమనండి, తెలుస్తుంది చాలుతుందో లేదో!

దీపావళి సెలవులకి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. సంగతి విని, "పెద్దమ్మా, లినక్స్ వేసి చూద్దామా?" అన్నాడు. లినక్స్ అంటే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టుకుంటూ కూర్చునే వాళ్లదని నా అభిప్రాయం. వాడు నవ్వి, ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. లోపల ఉన్నవి ఏవీ కదపకుండా, ఆ పెన్‌డ్రైవ్ నుంచే కొత్త సిస్టమ్ నడిచింది. వైఫై వచ్చింది, పాట వినిపించింది, కెమెరాలో నా మొహం కనిపించింది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే పాతది పాతలాగే ఉంటుందట. పెళ్లిచూపుల్లాంటిదన్నమాట. చూసి వద్దనుకోవచ్చు.

దాని పేరు లినక్స్ మింట్. మింట్ అంటే పుదీనా. తెర మీద మనకి కనిపించే భాగం పేరు సినమన్, అంటే దాల్చినచెక్క. ఇంకో సరదా ఏమిటంటే, దీని ప్రతి విడుదలకీ ఒక ఆడపిల్ల పేరు పెడతారు, చివర 'ఆ' వచ్చేలా. 2006లో మొదటిది ఆడా. నాకొచ్చింది 22.2, జారా. వీటన్నిటికీ మూలమైన లినక్స్‌ని 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు. తర్వాత ఎందరో చేతులు కలిపారు. మింట్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, ఇష్టమున్నవాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. చిన్నపిల్లలు నేర్చుకోగా లేనిది నాకేం కష్టం అనుకున్నాను.

ముందు నా ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాం. ఇది తప్పనిసరి, ఎందుకంటే పూర్తిగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాతవి చెరిగిపోతాయి. అరగంటలో పని అయింది. కింద ఎడమ మూల మెనూ, పక్కన ఫోల్డర్లు... అలవాటైన వంటింట్లో డబ్బాలు కొత్తవి పెట్టినట్టు ఉంది తప్ప, వెతుక్కోవాల్సినంత తేడా లేదు. లిబ్రె ఆఫీసులో నా పాత లెక్కల ఫైళ్లు తెరుచుకున్నాయి. తెలుగు కోసం మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి కీబోర్డు జతచేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతోంది.

ఇక లోపాలు. మా పాత ప్రింటరు ప్రింటు తీస్తుంది కానీ స్కాన్ చేయడం లేదు. మాక్రోలున్న మావారి ఎక్సెల్ షీటు సరిగ్గా నడవలేదు. ఆఫీసు పనికి ఫలానా విండోస్ సాఫ్ట్‌వేరే కావాలన్నవాళ్లకి ఇది కుదరదు. నా పనులకి మాత్రం ఏ అడ్డూ రాలేదు. అప్‌డేట్ ఉందని మూలన చిన్న బొమ్మ చెబుతుంది. ఎప్పుడు వేయాలో నేను చెబుతాను, పోపు వేసి వచ్చాకే. ఈ 22 వరసకి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, "మీ పేరు?" అని అడిగింది. అమ్మాయి పేరు, మావారి పేరు తర్వాత ఆ ల్యాప్‌టాప్‌లో మొదటిసారి నా పేరు టైపు చేశాను. పాస్‌వర్డ్ కూడా నాదే. ఏ కొత్త ప్రోగ్రాం వేయాలన్నా అది అడిగేది నన్నే. మొన్న మావారు కరెంటు బిల్లు కడదామని తెరిచి, "పాస్‌వర్డ్ ఏంటోయ్?" అని కేకేశారు. "వస్తున్నా ఉండండి" అని చేతులు తుడుచుకుని వెళ్లి నేనే కొట్టిచ్చాను. చెప్పలేదు మరి!

మీ ఇంట్లోనూ బీరువా మీద ఓ ల్యాప్‌టాప్ మూలుగుతుంటే, అమ్మేసే ముందు పిల్లల్నెవరినైనా ఒక పెన్‌డ్రైవ్ చేసిపెట్టమనండి. వైఫై, సౌండు, కెమెరా, మీ ప్రింటరు ఈ నాలుగూ చూసుకోండి. పనిచేస్తే యాభై వేలు మిగులుతాయి. చేయకపోతే కొత్తది ఎలాగూ షాపులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు.