కొసదాకా పారిన ఇత్తడి

చెంగిచెర్లలో బయలుదేరుతుంటే మా మేనల్లుడు నా చేతిలో ఒక లోహపు సైనికుణ్ణి పెట్టాడు. చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద ఆడేవాళ్లు వాడే 28 మిల్లీమీటర్ల బొమ్మ. "మామా, పోత మంచిదో కాదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. నాచారంలో ఫౌండ్రీ ఇన్‌స్పెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. అయినా ఉషేగాం చూసొచ్చి చెబుతానన్నాను.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఈ ఊళ్లో ఓజా కుటుంబాలు తరతరాలుగా గోండుల పూజలకు ఇత్తడి సామగ్రి, బొమ్మలు పోస్తున్నాయి. ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంటి ముందు ఒక పెద్దాయన మట్టి గుర్రం మీద మైనపు తీగలు చుడుతున్నాడు. కళ్లేనికి ఒక తీగ, జూలుకు వరుసగా సన్నతీగలు. పైన మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పారుతుంది. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. మొహెంజొదారోలో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల నాట్యగత్తె కూడా మైనం కరిగించి పోసిన బొమ్మే.

మేనల్లుడి సైనికుణ్ణి ఆయన చేతికిచ్చాను. ముఖం చూడలేదు, పక్కకు తిప్పి టోపీ నుంచి భుజం మీదుగా గోరుతో గీశాడు. గోరు ఒకచోట తట్టుకుంది. "అచ్చు రెండు చెక్కలు కదా సార్? సరిగ్గ కూసోలె." మేం పార్టింగ్ లైన్ అనేది అదే. రబ్బరు అచ్చును గిరగిర తిప్పుతూ పోసే ఈ బొమ్మల్లో ఆ గీత ఎంత సన్నగా ఉంటే పని అంత మంచిది. తర్వాత ఈటె మొన తడిమాడు. మొద్దుగా ఉంది. "ఈడిదాక పారలె."

అప్పుడాయన తన గుర్రాలు రెండు ముందుపెట్టాడు. ఒకదాని తోక కొసదాకా తీగ తీగగా తేలింది. నునుపు లేదు, కానీ లోపమూ లేదు. రెండోది నాకు ఎక్కువ అందంగా కనిపించింది. తిరగేస్తే వెనక కాలికి సగం గిట్టే ఉంది. ఇత్తడి అక్కడికి చేరకముందే చల్లారిపోయింది.

మేనల్లుడికి చెప్పాల్సిన మాట దొరికింది: మెరుపు చూడకు, కొసలు చూడు. చెవి, మొన, గిట్ట. పోసినవాడి ఓపిక అక్కడే తెలుస్తుంది.

ఆ రెండో గుర్రాన్ని కొంటానన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఇది ఊరు దాటొద్దు సార్," అంటూ కరిగించాల్సిన పాత ఇత్తడిలో వేశాడు.