గెయిన్ తిప్పింది మేమే

పదో తరగతిలో హాస్టల్ వార్షికోత్సవానికి చందాలేసుకుని పాత కారు సబ్‌వూఫర్, ఆంప్లిఫయర్ కొని ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాం. పాట సగంలోనే కాలిన వాసన! వైర్లు కలిపిన తమ్ముణ్ణి వార్డెన్ సారు ముందే తిట్టాం.

మా ఇంట్లో తొలి డిగ్రీ మాది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు వచ్చాకే అర్థమైంది, గెయిన్ అంటే వాల్యూమ్ కాదని. మితిమీరి పెంచితే ఆంప్లిఫయర్‌లో తరంగాల తలలు తెగుతాయి. ఆ అదనపు శక్తికి కాయిల్ వేడెక్కి మాడుతుంది.

బాస్ బూస్ట్ తీసేయాలి. గెయిన్ పూర్తిగా తగ్గించి, ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టాలి. స్పీకర్ వైరు విప్పి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, మీటరు చూస్తూ గెయిన్ పెంచాలి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు: 100 వాట్లు, 4 ఓములైతే 20. అక్కడే ఆగాలి.

ఆనాడు ఆగనిది మేమే. తమ్ముడూ, మన్నించు.