ఎగిరే చేపలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో చెరువు నిండితేనే మనకు చేప. ఎగిరే చేపను చూడాలంటే మాత్రం సముద్రం లోపలికి పోవలసిందే. చెన్నై నుండి అండమానులోని పోర్టుబ్లెయిరుకు (2024లో శ్రీవిజయపురమని పేరు మార్చారు) ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. తీరం కనుమరుగైన తరువాత పగటివేళ ఓడ ముందుభాగాన నిలిచి నీటివైపు చూస్తుండాలి. ఓడ అలికిడికి బెదరి గుంపుగా లేస్తాయి. కీర్తనలు 107లో ఓడవారు చూచే దేవుని అద్భుతాలలో ఇదీ ఒకటి కావచ్చును.

ఇవి పక్షులవలె రెక్కలాడించవు. తోకతో నీటిని సెకనుకు 50 నుండి 70 సార్లు కొట్టి, ఆ ఊపుతో లేచి, రొమ్ము దగ్గరి పొడవాటి రెక్కలు చాచి గాలిలో జారిపోతాయి. 2008లో జపాను దగ్గర ఒక చేప 45 సెకన్లు అలా పోవడాన్ని చిత్రీకరించారు.

చూచేవారికి వేడుకే గాని చేపకది ప్రాణభయం. క్రింద తరిమే పెద్ద చేప, పైన కాచుకొన్న సముద్రపక్షి. వేగం తగ్గి తోక నీటిని తాకితే, పూర్తిగా మునగకుండానే మళ్లీ కొట్టుకొని లేస్తుంది.