వీణకు తరుగెంత?

బంగారు నగ చేయించునప్పుడు తరుగనియు, మజూరియనియు కంసాలి పట్టుకొను సొమ్మును మనము నోరెత్తక యిచ్చెదము. అదే వీణను కొని, నాలుగేండ్లకు అమ్మబోగా సగము వెలయే వచ్చినచో, బూడిదలో పోసిన పన్నీరని ఇరుగుపొరుగు వారందురు. ఈ లెక్కలో నాకు న్యాయము కనబడలేదు.

2014లో మా పెద్దమ్మాయికొరకు రూ.18,000 పోసి క్రొత్త బొబ్బిలి వీణను కొంటిమి. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశమువారు పనసమ్రానును తొలిచి, కుండయు దండియు ఒకే కొయ్యగా దానిని చేయుదురు. పనస మా ఉద్దానమున పెరటిచెట్టే గనుక దానిపై మాకు మమకార మధికము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, మా కవిటి కొబ్బరితోటలను నేలగూల్చెను. క్రొత్త మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. చేతిలో పైకము లేక, వీణ నమ్ముదమని మావారనిరి. టెక్కలినుండి వచ్చిన యొకామె రూ.9,000 ఇచ్చెదననెను.

నేను కాగితముపై లెక్క వేసితిని. తరిగిన 9,000 రూపాయలను 48 నెలలకు పంచిన నెలకు 190 రూపాయలైనను కాలేదు. సోదరీమణులారా, ఆపాటి అద్దెకు మనకు వీణ నెవరిత్తురు? పిల్ల సరళీవరుసలు మొదలు వర్ణములవరకు నేర్చినది దానిమీదనే గదా!

ఆమె తక్కువకడుగుటయు తప్పు కాదు. మైనములో మసి కలిపి నిలిపిన 24 మెట్లు ఎండవేడికి కదలును. మేళము మరల కట్టింపవలెను. దండి వంగెనో, కుండను పురుగు తొలిచెనో పైకి తెలియదు. కొనువారు ఆ భయమునకును వెల కట్టుదురు. కొయ్య ఆరినకొలది నాదము పండునని వైణికులందురు గాని, బేరములో ఆ మాట నెవ్వరును ఎత్తరు.

ఈ తరుగు వీణకే కాదు. అమెరికాలోనున్న మా మరిది వినోదమునకై, షికాగో ప్రాంతమున స్టెర్న్ సంస్థవారు చేయు పిన్‌బాల్ యంత్రము నొకదానిని క్రొత్తగా కొనెను. మీటలతో ఉక్కుగుండును ఎగురగొట్టి ఆడు ఆట యది. పరిమిత సంఖ్యలో చేసినవి ఒక్కొక్కప్పుడు వెల నిలుపుకొనునట గాని, తక్కినవి పెట్టె విప్పి ఆడినంతనే పాతవగును. అందుచే అతడు రెండవసారి, ఒకరి యింట నాడిన యంత్రమునే కొనెను. తొలి తరుగు ఆ మొదటివారి పాలబడెను. పిల్ల నేర్చునో మానునో తెలియని యిండ్లవారికి వీణ విషయమునను ఈ ఉపాయమే మేలు. అయితే వెంట వీణ తెలిసిన యొకరిని తీసికొనిపోక బయానా ఇయ్యరాదు.

మావారు నా కాగితము చూచి, వీణను విడిచి నా గాజులజతను పలాసకు కొనిపోయిరి. వానికి పోయిన తరుగు వీణకంటె తక్కువే. కాని ఆ నాలుగేండ్లును అవి పెట్టెలోనే యుండెను. ఇప్పుడు చిన్నమ్మాయి ఆ వీణపై సరళీవరుసలు వాయించుచున్నది. ఈ యేడు మేళము మరల కట్టింపవలసియున్నది.